టక్కుమన్నది ఎక్కడ?

పోయిన వారం ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. అనకాపల్లి దగ్గర పాత మహీంద్రా ఎమ్ఎమ్ 540 జీపు కొన్నాడట. నా దగ్గర అదే బండి ఉందని ఎవరో చెబితే నంబరు సంపాదించాడు. “అన్నా, యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడల్లా కింద టక్కుమంటోంది. ఏమేం మార్చాలో ఒక లిస్టు పంపండి. విశాఖ వెళ్లి సామాన్లన్నీ ఒకేసారి తెచ్చేసుకుంటా” అన్నాడు.

లిస్టు పంపలేదు. “ఇప్పుడే ఏమీ కొనకు, ఆదివారం బండి తీసుకుని రా” అన్నాను. అతనికి అంతగా నచ్చినట్టు లేదు. ఫోన్ పెట్టేశాక, ఎందుకు పంపలేదో ఓపిగ్గా రాయాలనిపించింది. ఆరేళ్ల కిందట నేను సరిగ్గా అలాంటి లిస్టే పట్టుకుని కొట్టుకి వెళ్లాను. కూలీతో కలిపి పదిహేను వేల దాకా అయింది. టక్కు పోలేదు. అంతకుముందు లేని కూత ఒకటి కొత్తగా వచ్చింది. అది ఇప్పటికీ ఉంది.

అప్పటి నుంచి నాలో ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. మెకానిక్‌కి మనం విప్పినందుకు ఇస్తాం, బిగించినందుకు ఇస్తాం, సామాను మీద నాలుగు రూపాయలు మిగుల్చుకుంటే చూసీ చూడనట్టు ఊరుకుంటాం. జబ్బేమిటో వెతికినందుకు మాత్రం పైసా ఇవ్వం. వెతకడాన్ని పనిగానే లెక్కపెట్టం. నాలుగు చక్రాలకీ ఇంజిను బలం అందే పాత ఫోర్ వీల్ బండికి అసలు రిపేరు ఆ వెతకడమేనని, దానికి విలువ కట్టనందుకే మన బండ్లకి అక్కర్లేని సామాన్లు ఎక్కుతున్నాయని నేను నమ్ముతున్నాను.

లంబసింగి దిగుతుంటే

మాది 1989 బండి. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిను, నాలుగు గేర్లు. చింతపల్లి వైపు నుంచి పసుపు, కాఫీ గింజల బస్తాలు దించే రోజుల్లో నాన్న కొన్నారు. ఆయన పోయాక అమ్మేద్దామని ఇంట్లో అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు.

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఘాట్‌లో, ఎక్కేటప్పుడు ఏమీ తెలిసేది కాదు. లంబసింగి దాటి కిందకి దిగేటప్పుడు, మలుపు ముందు కాలు తీయగానే సీటు కింద ఎక్కడో టక్. మలుపు దాటి మళ్లీ నొక్కగానే ఇంకో టక్. దానికి తోడు 40 దాటితే నేల రేకు సన్నగా వణికేది. పక్కన కూర్చున్నవాళ్లకి తెలిసేది కాదు గానీ నా అరికాలికి తెలిసేది. నాన్న నడిపినప్పుడు అది లేదు.

ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి మేస్త్రీ కిందకి దూరి, వెనక చక్రాల మధ్య గేర్లుండే హౌసింగు దగ్గర, ఇంజిను వైపు నుంచి వచ్చే రాడ్ బిగించే పినియన్ ఫ్లాంజి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. “చూడండి సార్, ఎంత ప్లే ఉందో” అన్నాడు. నేనూ దూరి చూశాను. నిజంగానే ఉంది. వేలి వెడల్పున కదులుతోంది. “క్రౌన్ పినియన్ అరిగిపోయింది. సెట్టు మార్చాలి. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి బేరింగులు, సీళ్లు కూడా వేసేద్దాం” అన్నాడు. క్రౌన్ పినియన్ అంటే ఆ రాడ్ తిప్పుడుని చక్రాల వైపు మళ్లించే పళ్ల చక్రాల జత. కళ్లారా చూశాక ఇంకేం అడుగుతాం? లిస్టు రాయించుకుని కొట్టుకి వెళ్లాను.

ఆ మనిషి నన్ను మోసం చేశాడని ఇప్పటికీ అనుకోను. ఆయన చూపించిన ప్లే నిజం. దాని నుంచి తీసిన నిర్ణయమే తప్పు. క్రౌనుకీ పినియన్‌కీ మధ్య ఉండాల్సిన సందు చాలా తక్కువ. ఈ సైజు హౌసింగుకి కొత్తగా బిగించినప్పుడు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, అంటే రెండు మూడు తలవెంట్రుకల మందం. చేత్తో ఫ్లాంజి తిప్పినప్పుడు మనకి తెలిసేది ఆ ఒక్క సందు కాదు. లోపల, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌లో చిన్న గేర్లుంటాయి, వాటి వెనక వాషర్లుంటాయి, ఆక్సిల్ చివర ఒకదానిలో ఒకటి దూరే గాళ్లు, అంటే స్ప్లైన్స్ ఉంటాయి. వాటన్నిటి అరుగుడూ కలిసి ఆ ఒక్కచోట చేతికి తగులుతుంది. ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన ఏ జీపుకైనా అక్కడ వేలి వెడల్పు ప్లే ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన టక్కుమనేది అదేనని చెప్పలేం. ఈ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ కొత్త సెట్టు బిగించిన తీరు మరో కథ. క్రౌన్, పినియన్ జతగా వస్తాయి. ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి, రెండిటి మీదా ఒకే నంబరు వేస్తారు. పినియన్ ఎంత లోతున కూర్చోవాలన్నది దాని వెనక వేసే షిమ్‌ల, అంటే పలచటి రేకు ఉంగరాల మందాన్ని బట్టి ఉంటుంది. పాత పినియన్‌కి సరిపోయిన షిమ్ కొత్తదానికి సరిపోవాలని లేదు. అందుకే పళ్లకి ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పూసి, చేత్తో తిప్పి, రంగు పంటి మధ్యలో అంటుకుందా, కొనకి వెళ్లిందా, మొదట్లో పడిందా అని చూసి, షిమ్ మార్చి, మళ్లీ పూసి, మళ్లీ చూడాలి. ఒక్కోసారి దీనికే ఒక పూట పోతుంది. నేను వెళ్లిన షెడ్డులో రంగు డబ్బా లేదు. పాత షిమ్‌లే తుడిచి వేసి, సాయంత్రానికి మూత బిగించేశారు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చూశాను. పని ఎంత త్వరగా అయిపోయిందో అని సంతోషించాను కూడా.

ఇంటికి వస్తుంటే, 45 దాటగానే వెనక నుంచి సన్నటి కూత. మలుపు దగ్గర కాలు తీస్తే కూత ఆగింది. దాని స్థానంలో టక్కుమంది.

సుద్దముక్క

మళ్లీ ఆ షెడ్డుకి వెళ్లాలనిపించలేదు. నర్సీపట్నం శివారులో ఒక పెద్దాయన ఉన్నాడని, పాత కాంట్రాక్టర్ల జీపులన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవేనని మా బాబాయ్ చెప్పాడు. వేప చెట్టు కింద రేకుల షెడ్డు. అక్కడ నేను చూసిన నాలుగు గంటల పని నా ఆలోచనని మార్చింది కాబట్టి వివరంగా రాస్తాను.

ఆయన ముందు పానా పట్టుకోలేదు. “పద బాబూ, ఒక చుట్టు తిరిగొద్దాం” అని పక్కన కూర్చున్నాడు. దారి పొడవునా ప్రశ్నలే. కాలు తీసినప్పుడు ఒక్కసారే మోగుతుందా, చక్రం తిరిగే కొద్దీ మోగుతుందా? రివర్స్ నుంచి ఫస్టుకి వేస్తే ఎలా ఉంటుంది? 50 మీద న్యూట్రల్ వేసి జారవిడువు, వణుకు పోయిందా? పోలేదు. “అయితే ఇంజినూ క్లచ్చూ వదిలెయ్” అన్నాడు. మంచి రోడ్డు మీద మెల్లగా ఎడమకీ కుడికీ ఊపమన్నాడు. గుర్రుమనే శబ్దం ఒకవైపు ఒరిగినప్పుడు పెరిగి, రెండోవైపు ఒరిగితే తగ్గితే చక్రం బేరింగు మీద అనుమానం వస్తుంది. అలా ఏమీ లేదు. కూత విని, “ఇది నొక్కినప్పుడు ఏడుస్తోంది, వదిలితే ఊరుకుంటోంది. బేరింగయితే నొక్కినా వదిలినా మూలుగుతూనే ఉంటుంది. పళ్లు సరిగ్గా కూర్చోలేదు” అన్నాడు. ఇంకా బండి దిగనేలేదు.

షెడ్డుకి వచ్చాక ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు వెనక చక్రం ఒకటి లేపుదామని జాకీ పెట్టబోయాడు. పెద్దాయన గట్టిగా అరిచాడు. ఈ బండికి హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, అక్కడి నుంచి వెనక హౌసింగుకి వెళ్లే జాయింట్ రాడ్ మొదట్లో ఉన్న డ్రమ్ము మీద పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తే, జాయింట్ రాడ్ బిగిసి ఉన్నా డిఫరెన్షియల్ గేర్ల వల్ల గాల్లో చక్రం వెనక్కి తిరిగి, నేల మీది చక్రం ముందుకి దొర్లగలదు. బ్రేకు వేసే ఉందనుకుంటాం, బండి మాత్రం మీదకి వచ్చేస్తుంది. పాత జీపు కిందకి దూరేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా అడ్డు పెట్టాకే ఆయన కింద చాప పరిచాడు.

తర్వాత జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఇంజిను ఆపి ఉంది, బండి సెకండ్ గేరులో ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజి దగ్గర నుంచి వెనక పినియన్ ఫ్లాంజి దాకా, జాయింట్ ఉన్న ప్రతిచోటా రెండు భాగాల మీదుగా ఒకే గీత గీశాడు. రాడ్‌ని వంపులో తిరగనిచ్చే ముందు క్రాస్, రాడ్ పొడవు పెరిగి తగ్గనిచ్చే స్లైడింగ్ జాయింట్, వెనక క్రాస్, అన్నిటి మీదా. అప్పుడు జాయింట్ రాడ్‌ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పమని కుర్రాడికి చెప్పి, తను గీతల్ని చూస్తూ పడుకున్నాడు. గీత ఎక్కడ విడిపోతే అక్కడ అరిగింది. అంతే. ఏ మీటరూ లేదు, ఏ మిషనూ లేదు.

క్రాసుల దగ్గర గీత కదల్లేదు. స్లైడింగ్ జాయింట్ దగ్గర గీత రెండు ముక్కలైంది. ఆయన రాడ్‌ని అక్కడ పట్టుకుని పైకి లేపితే అది లోపల ఎగిరినట్టు కొట్టుకుంది. స్ప్లైన్స్ అరిగిపోయాయి. తర్వాత ఆయన ఏమీ మాట్లాడకుండా రాడ్ రెండు చివర్లూ, అక్కడ క్రాస్‌ని పట్టుకునే కొమ్ముల్లాంటి యోక్‌లూ చూపించాడు. నాకేమీ అర్థం కాలేదు. “ఆ యోక్ ఎటు చూస్తోంది, ఈ యోక్ ఎటు చూస్తోంది?” అన్నాడు. ఒక చివర యోక్ నిలువుగా ఉంటే రెండో చివరది ఏటవాలుగా ఉంది.

“ఇది ఎప్పుడు విప్పించావు?”

గుర్తుకొచ్చింది. అప్పటికి రెండేళ్ల కిందట దారిలో ఒకచోట క్రాస్ మార్పించాను. రాడ్ దించి, పని తేలికవుతుందని స్లైడింగ్ జాయింట్ ఊడదీసి, మళ్లీ ఎలా దూరితే అలా దూర్చేశారు. విప్పే ముందు రెండు భాగాల మీదా గుర్తు పెట్టుకుని, ఆ గుర్తులు కలిసేలా బిగించాలి. అరగంటలో పని అయిపోయిందని అప్పుడూ నేను సంతోషించే ఉంటాను.

దీనివల్ల ఏమవుతుందో ఆయన చేతులతో చూపించాడు. వంపులో తిరిగే క్రాస్ ఒకే వేగంతో తిప్పదు. ఒక చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు నెమ్మదిస్తుంది. రాడ్ రెండో చివర ఉన్న క్రాస్, యోక్‌లు ఒకే వరసలో ఉన్నంతకాలం, ఆ తేడాని సరిగ్గా వెనక్కి తీసేస్తుంది. వరస తప్పితే తీయదు, ఉన్నదానికి ఇంకొంత కలుపుతుంది. అదీ నా అరికాలికి తెలిసిన వణుకు. ఆ వణుకు రెండేళ్లు స్ప్లైన్స్‌ని తిన్నది. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక బేరింగుని తిన్నది. బేరింగు లూజయి షాఫ్ట్ ఊగితే ఆయిల్ సీల్ ఊరుకుంటుందా? అది కారి, ఆ ఆయిలంతా పక్కనే ఉన్న హ్యాండ్ బ్రేకు డ్రమ్ములోకి వెళ్లింది. ఆయన డ్రమ్ము ఊడదీస్తే లైనింగు నల్లగా నాని ఉంది. ఘాట్‌లో బండి ఆపితే హ్యాండ్ బ్రేకు పట్టడం లేదని ఆ రెండేళ్లలో మూడుచోట్ల బిగింపించాను. మూడుచోట్లా కేబుల్ బిగించి పంపించారు. లోపల ఎందుకు తడిసిందో ఎవరూ చూడలేదు. చూడమని నేనూ అడగలేదు.

టక్కు, వణుకు, ఆయిల్ మరక, బ్రేకు పట్టకపోవడం. వీటిని నాలుగు జబ్బులనుకుని నాలుగుచోట్ల తిరిగాను. నాలుగిటికీ మూలం, గుర్తు పెట్టుకోకుండా విప్పిన ఒక్క జాయింటు.

స్లైడింగ్ యోక్, దానికి జత స్ప్లైన్ ముక్క, వెనక బేరింగు, సీల్, బ్రేకు లైనింగు. సామానంతా కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు. బేరింగుకి షిమ్‌లు సరిచూసి, యోక్‌లు వరసలో పెట్టి బిగించాడు. ఆ సాయంత్రమే ఘాట్ ఎక్కి దిగాను. టక్కు లేదు.

డిక్కీలో గోనెసంచిలో పాత క్రౌన్ పినియన్ ఉంటే తీసి చూపించాను. ఆయన గుడ్డతో తుడిచి, పళ్లని ఎండకి పెట్టి, గోటితో రాసి చూశాడు. పళ్ల మీద అరిగిన మెరుపు ఒకే తీరుగా, పంటి మధ్యలో ఉంది. గుంటలు లేవు, పెచ్చు లేవలేదు. “ఇది ఇంకా చాన్నాళ్లు తిరిగేది బాబూ” అన్నాడు. ఆ మాట నాకు ఎంత బాధ కలిగించిందో చెప్పలేను. డబ్బులు పోయినందుకు అంత బాధ లేదు. నాన్న ముప్పై ఏళ్లు నడిపితే ఒకదానితో ఒకటి కుదురుకున్న జతని, ఏ పాపమూ చేయనిదాన్ని, తీసి సంచిలో వేశాను. ఆ సంచి ఇప్పటికీ ఇంట్లో ఉంది.

చీటీలో లేని గీత

కూలీ ఎంతని అడిగితే ఆయన చీటీ రాశాడు. రాడ్ దించి ఎక్కించినందుకు ఇంత, బేరింగుకి ఇంత, లైనింగుకి ఇంత. ఆ నాలుగు గంటల వెతుకులాటకి చీటీలో గీత కూడా లేదు. అడిగాను. “చూసినందుకు డబ్బులేంటి బాబూ?” అని నవ్వాడు. తప్పు కనిపెట్టినవాడు కూడా అది తన పని కాదన్నట్టు మాట్లాడుతున్నాడు.

అప్పుడు నన్ను నేను ఒక ప్రశ్న వేసుకున్నాను. మొదటి షెడ్డులో పదిహేను వేలు చెబితే బేరం ఆడకుండా ఇచ్చాను. ఈయన మొదట్లోనే “ఏమీ విప్పను, నాలుగు గంటలు చూస్తాను, వెయ్యి ఇవ్వు” అంటే ఇచ్చేవాణ్నా? ఇచ్చేవాణ్ని కాదు. పనేమీ చేయకుండా వెయ్యా అని బండి తిప్పుకుని వచ్చేసేవాణ్ని. కొత్త సామాను చేతికి కనిపిస్తుంది, బరువుంటుంది, పెట్టె మీద కంపెనీ పేరుంటుంది. వెతకడానికి పెట్టె లేదు.

డాక్టరు దగ్గర మనం ఓపీ చీటీకి ముందే డబ్బు కడతాం. పరీక్ష చేసి మందేమీ అక్కర్లేదు, ఇంటికి వెళ్లండి అంటే సంతోషంగా వెళ్తాం. ఫీజు వెనక్కి ఇవ్వమనం. మెకానిక్ అరగంట చూసి “ఏమీ మార్చక్కర్లేదు” అంటే ఆయనకి ఏమిస్తున్నాం? “థాంక్స్ అన్నా” అని బయల్దేరతాం. ఇక ఆయన రోజు ఎలా గడవాలి? ఏదో ఒకటి విప్పితేనే కూలీ, ఏదో ఒకటి మారితేనే మిగులు అనే పద్ధతిని మనమే పెట్టి, వాళ్లు అనవసరంగా మారుస్తున్నారని మనమే తిట్టుకుంటున్నాం.

ఇంకో విషయం కూడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మెకానిక్‌కి భయం ఉంటుంది. చిన్న సామాను ఒక్కటి మార్చి పంపితే, శబ్దం మళ్లీ వస్తే, బండి ఓనరు పదిమందిలో పరువు తీస్తాడు. మొత్తం సెట్టు మార్చి పంపితే, శబ్దం వచ్చినా “అన్నీ కొత్తవే వేశాను సార్, ఇక నా చేతిలో ఏముంది” అనొచ్చు. అన్నీ మార్చడం ఆయనకి రక్షణ. “ఇంకా తేలలేదు, రేపు కూడా చూడాలి” అని ఒక మేస్త్రీ అంటే మనకి వినిపించేది “ఈయనకి పని రాదు” అని. అందుకే ఆ మాట ఎవరూ అనరు. వెంటనే ఏదో ఒక పేరు చెప్పేస్తారు. జీపు కింద టక్కుమంటే క్రౌన్ పినియన్ అన్న పేరు అందరికీ తెలుసు, అదే వస్తుంది. హౌసింగుని కమాన్ కట్టలకి బిగించే యూ బోల్టులు లూజైనా హౌసింగు మెలిపడి టక్కుమంటుందని, ఇంజిను మౌంటింగు రబ్బరు చచ్చినా టక్కుమంటుందని వాళ్లకి తెలియక కాదు. అవన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లే తీరిక మనం ఇవ్వడం లేదు.

సెట్టు మార్చడమే నయమనేవాళ్లు

ఈ మాట నేను మా బాబాయ్‌తో అంటే ఆయన ఒప్పుకోలేదు. ఆయనకి ఒకప్పుడు రెండు కమాండర్ జీపులు ఉండేవి, ఏజెన్సీ సంతలకి తిప్పేవాడు. “నీది ఇంట్లో ఉండే బండి. నాలుగు గంటలు కాదు, నాలుగు రోజులు పడుకోబెట్టినా నీకు నష్టం లేదు. సంత రోజు నా బండి తిరక్కపోతే ఆ వారం వాయిదా కట్టలేను. రాత్రికి రాత్రి సెట్టు మార్చి తెల్లారి నాలుగింటికి బండి ఎక్కించడమే నాకు లాభం” అన్నాడు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పదిమంది ఎక్కాల్సిన బండికి ఇరవైమంది ఎక్కి, టాపు మీద బస్తాలు కట్టి ఘాట్ ఎక్కే జీపుల్లో ఏ భాగం ఎప్పుడు పోతుందో చెప్పడం కష్టం. అక్కడ ముందే మార్చేయడంలో అర్థం ఉంది. ఒకే చోటుని రెండుసార్లు విప్పితే రెండుసార్లు కూలీ. ఆ లెక్క నాకూ తెలుసు. కొన్నిటిని సెట్టుగానే మార్చాలి కూడా. క్రౌన్ ఒక్కటే కొత్తది వేసి పాత పినియన్‌తో తిప్పకూడదు. కోన్ బేరింగు మార్చి బయటి కప్పు పాతది ఉంచకూడదు. విప్పినచోట సీల్ మార్చకుండా మూయకూడదు. వీటికి నేను ఎప్పుడూ అడ్డు చెప్పను.

కానీ బాబాయ్‌ని ఒకటి అడిగాను. ఆ రెండు జీపులకీ ఎన్నిసార్లు క్రాసులు మార్పించావని. ఏడాదికి రెండు మూడుసార్లు తప్పేది కాదట. క్రాస్ అంత త్వరగా ఎందుకు పోతోందని ఎవరైనా చూశారా? చూడలేదు. క్రాసులో గ్రీజు కొట్టినప్పుడు నాలుగు కప్పుల నుంచీ గ్రీజు బయటకి రావాలి. మూడిటి నుంచే వస్తే నాలుగోది ఎండిపోయి ఉందని అర్థం. కప్పు అంచున తుప్పు రంగు పొడి కనిపిస్తే అది అప్పటికే చస్తోంది. వాగు దాటి వచ్చిన రోజే గ్రీజు కొట్టాలి. ఇవేవీ సామాన్లు కావు, పదినిమిషాల చూపు. రాత్రికి రాత్రి సెట్టు మార్చిన ప్రతిసారీ కారణం బండిలోనే ఉండిపోయింది, సామాను ఒక్కటే మారింది. బాబాయ్ కాసేపు ఆలోచించి, “అయినా ఆ పదినిమిషాలు కూడా ఉండేవి కాదురా” అన్నాడు. ఆయన మాటా నిజమే. అది నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతూనే ఉంది.

ఆయన పొరబడిన రోజు

నా వాదనకి అసలు పరీక్ష పోయిన ఏడాది వచ్చింది. ముందువైపు నుంచి గుర్రుమనే శబ్దం. పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లాను. తిప్పి చూశాడు, పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక చివర హబ్బుకి ఆనించి రెండో చివర చెవికి పెట్టుకుని విన్నాడు. కుడి చక్రం బేరింగు అన్నాడు. మార్చాం. శబ్దం పోలేదు.

వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఈసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి తిప్పించాడు. శబ్దం వెనక్కి వెళ్లిపోయింది. టైరు గళ్లు ఒకటి ఎత్తు ఒకటి పల్లంగా అరిగి, తారురోడ్డు మీద అచ్చం బేరింగులా గుర్రుమంటోంది. “ముందు చేయాల్సింది చివర చేశాను. తప్పు నాదే” అని బేరింగు కూలీ వెనక్కి ఇవ్వబోయాడు.

నేను తీసుకోలేదు. ఆ రాత్రి మాత్రం ఆలోచించాను. వెతికినందుకు డబ్బివ్వాలని నేను అంటున్నాను. వెతికినవాడు పొరబడితే? అప్పుడూ ఇవ్వాలా? సెట్టు మార్చినవాడి మీద కోపం వచ్చి, ఈయన మీద రాకపోవడం పక్షపాతం కాదా?

కొంత పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. అయినా తేడా ఒకటి కనిపిస్తుంది. ఈయన తప్పుకి ఒక దారి ఉంది. ఏ పరీక్ష చేశాడో, ఏది వదిలేశాడో ఆయనకి తెలుసు, కాబట్టి వెనక్కి వెళ్లి ఎక్కడ తప్పాడో పట్టుకోగలిగాడు. మొదటి షెడ్డులో అలాంటి దారి లేదు. అక్కడ శబ్దం పోకపోతే లిస్టులో తర్వాతి సామాను మార్చడమే మిగిలేది. వెతికే పద్ధతి ఉన్నవాడి పొరపాటు ఒక బేరింగుతో ఆగింది. అందుకే పొరబడిన రోజు కూడా ఆ పనికి కూలీ ఇవ్వాలనే అనుకుంటున్నాను. ఇవ్వకపోతే తర్వాతిసారి ఆయన కూడా నాకు సెట్టు మార్చేయమనే చెబుతాడు.

వెతకడానికి ఫీజు పెడితే ఉత్తుత్తినే వెతికినట్టు నటించేవాళ్లు రారా అని ఒక స్నేహితుడు అడిగాడు. వస్తారు. దానికి నాకు తోచిన విరుగుడు ఒక్కటే, పక్కన కూర్చుని చూడటం. సుద్దగీత ఎక్కడ విడిపోయిందో చూపించమని అడగొచ్చు. బండి నుంచి దించిన ఆయిల్లో అయస్కాంతం ముంచి చూపించమనొచ్చు. బూడిదరంగు మెత్తటి పేస్టు అంటితే అది మామూలు అరుగుడు, మెరిసే పెచ్చులు అంటితే లోపల ఏదో విరుగుతోంది. ఇవి చదువు లేకపోయినా కంటికి అర్థమయ్యే సాక్ష్యాలు. ఓనరు చూస్తున్నాడని తెలిస్తే పని చేసే తీరు మారుతుంది, ఓనరుకీ ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది.

నా బండి కూత అలాగే ఉంది. మళ్లీ విప్పి షిమ్‌లు సరిచేయనా అని పెద్దాయన్ని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆయిల్ వడగట్టి చూసి, “పెచ్చులు లేవు. తప్పుగా కూర్చున్న చోటే అరిగి కుదురుకుంది. ఇప్పుడు కదిపితే ఇంకా ఏడుస్తుంది, వదిలెయ్” అన్నాడు. వదిలేశాను. ఏటా 90 నంబరు గేర్ ఆయిల్ మారుస్తున్నాను. 45 దాటితే కూత మొదలవుతుంది, నేను 42లోనే వెళ్తున్నాను.

ఆదివారం

ఆ కుర్రాడు నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. వస్తానన్నాడు. ఎవరో చెబితే క్రాసులు రెండు, సెంటర్ బేరింగు ఒకటి అప్పటికే కొనేశాడట. పొడవాటి రాడ్‌ని మధ్యలో మోసే ఆ సెంటర్ బేరింగే ఈ బండికి ఉండదని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడా అన్నా?” అన్నాడు. పెట్టె విప్పకపోతే తీసుకుంటాడులే అన్నాను. బండికి ముందు టైర్లు ఒక సైజు, వెనకవి ఒక సైజు ఉన్నాయని మాటల్లో బయటపడింది. తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడిపావా అని అడిగితే, వర్షంలో పట్టు కోసం అనకాపల్లి నుంచి ఇంటిదాకా వేసుకునే వచ్చానన్నాడు. లివరు బయటకి రాక బలవంతంగా లాగాడట. ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరుగుతుంటే మధ్యలో గేర్లన్నీ మెలిపడి బిగుసుకుంటాయని, అలాంటప్పుడు బండిని కాస్త రివర్స్ చేస్తే లివరు తనంతట తానే వదులుతుందని చెప్పాను. టక్కు అక్కడ నుంచే మొదలైందో, అంతకుముందే ఉందో తెలియదు. చూడాలి.

పెద్దాయనకి కూడా చెప్పాను. ఇద్దరం ఎనిమిదింటికల్లా ఆయన షెడ్డుకి వెళ్తాం. చూసినందుకు ఆయన తీసుకోనంటాడని తెలుసు కాబట్టి, ఐదు వందలు ముందే ఆయన జేబులో పెట్టమని, ఆ తర్వాతే బండి తాళం ఇవ్వమని కుర్రాడికి చెప్పాను. “ఇంకా ఏమీ చేయకముందే ఎందుకన్నా?” అని అడిగాడు. సుద్దముక్క ఒకటి తెచ్చుకో, అక్కడ చెబుతానన్నాను.